అయిదు పిడుగుల లెక్క

కడ్డీలాయన ఎవరినైనా నమ్మేముందు మూడుసార్లు అనుమానించేవాడు. మూడుసార్లూ ఏమీ దొరక్కపోతే, ఇంత శుభ్రంగా ఉన్నాడంటే ఎంత జాగ్రత్తపరుడో అని నాలుగోసారి అనుమానించేవాడు. ఆయన వ్యాపారం అలాంటిది. ఇరవై ఆరేళ్లుగా పిడుగు కడ్డీలు అమ్ముతున్నాడు. మిగతావాళ్ల సరుకు పనిచేస్తే కొన్నవాడి కంటికి కనిపిస్తుంది. ఫ్యాను తిరుగుతుంది, పంపు నీళ్లు తోడుతుంది. కడ్డీ పనిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడాన్ని అమ్ముకుని బతికేవాడికి కొన్నవాళ్ల నమ్మకమే దుకాణం. దానికి ఒకచోట చిల్లుపడితే మొత్తం కారిపోతుంది.

ఆ చిల్లు ఏప్రిల్‌లో ఒక సోమవారం మధ్యాహ్నం పడింది. గాలివాన వెలిసిన అరగంటకి కాగితం మిల్లు యజమాని ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, నీ కడ్డీ బ్రహ్మాండంగా పనిచేసింది. పిడుగును ఒడిసిపట్టి, కింద పడకుండా తెచ్చి, నేరుగా నా కంట్రోల్ బోర్డులో పెట్టింది."

"పిడుగేనంటారా? మీ బోర్డు నాకు తెలియనిదా? దానికి మా పెళ్లికున్నంత వయసుంది."

"వేళాకోళం తరవాత. మూడు మిషన్లు ఆగిపోయాయి. శుక్రవారం పదకొండింటికి రా. మా ఎలక్ట్రీషియన్ ఎదుటే చిమ్నీ అడుగున నీ పెట్టె తెరుద్దాం. మిగతా ఫ్యాక్టరీల వాళ్లు కూడా ఫోన్ల మీద ఫోన్లు. నేనేం చెబుతానా అని చూస్తున్నారు."

మిగతా ఫ్యాక్టరీలంటే పద్దెనిమిది. అన్నిటి నెత్తినా ఆయన కడ్డీలే. ఈ ఒక్క మిల్లాయన "పనికిరాదు" అంటే మిగతావాళ్లు కారణం కూడా అడగరు. పక్క వీధిలో కొత్తగా వెలసిన కడ్డీల షాపు దగ్గర వరసకట్టి నిలబడతారు.

కడ్డీలాయన అనుమానం మొదట మిల్లాయన మీదికే పోయింది. పాత బోర్డు. మార్చాలని రెండేళ్లుగా అనుకుంటున్నాడు. దానంతట అదే కాలిపోయి ఉంటుంది. అదే సమయానికి నాలుగు ఉరుములు వినిపించేసరికి నేరం ఆకాశం మీదికి తోశాడు, ఆకాశం దొరకదు కాబట్టి కడ్డీ అమ్మినవాడి మీదికి తోశాడు. తను అతని స్థానంలో ఉంటే అదే చేసేవాడు. అందుకే ఆ అనుమానం ఆయనకి అంత గట్టిగా అనిపించింది.

ఊరి చివరి ఇంజినీరింగ్ కాలేజీలో పిడుగులను రికార్డు చేసే గది ఒకటుందని ఆయన ఎప్పుడో విన్నాడు. బుధవారం పొద్దున్నే అక్కడికి వెళ్లాడు. గది చిన్నది. రెండు కంప్యూటర్లు, గోడవారగా చుట్టలు చుట్టలుగా కేబుళ్లు, కిటికీలోంచి చూస్తే ఎదుటి డాబా మీద బోర్లించిన పళ్లెంలాంటి యాంటెన్నా. అందులో పనిచేసే ఆవిడకి ముప్పై అయిదేళ్లుంటాయి. కాలేజీలో అందరూ పిడుగుల మేడమ్ అంటారట. కడ్డీలాయన కూర్చోకముందే గోడ మీది క్యాలెండరు చూశాడు. పక్క వీధి షాపుది.

"క్యాలెండరు బాగుంది మేడమ్. వాళ్లు మీకు బాగా తెలుసా?"

"ఊరికే ఇచ్చి వెళ్లారండి. మీరూ ఇవ్వండి, ఆ పక్కన మేకు ఖాళీగానే ఉంది."

ఊరికే ఇచ్చేది ఈ లోకంలో ఏదీ లేదని ఆయనకి తెలుసు. అయినా అవసరం తనది కాబట్టి మింగి, వచ్చిన పని చెప్పాడు. సోమవారం మధ్యాహ్నం కాగితం మిల్లు మీద పిడుగు పడలేదని ఒక కాగితం రాసివ్వాలి.

"పడిందో లేదో చూడకముందే పడలేదని రాయమంటున్నారు."

"చూసే రాయండి. చూసినా అదే వస్తుంది."

ఆవిడ చూసింది. మూడు గంటల పదిహేడు నిమిషాలకి పడింది. సరిగ్గా మిల్లు చిమ్నీ మీద.

"చిమ్నీ మీదేనని మీ మిషన్‌కెలా తెలుసు? దానికి అడ్రసు ఇచ్చారా?"

"మావి ఊరి చుట్టూ నాలుగు యాంటెన్నాలున్నాయి. ఏది ముందు విన్నదో, ఏది ఎంత వెనక విన్నదో చూస్తే చోటు తేలుతుంది. పైగా ఈ చిమ్నీ మాకు పాత చుట్టం. ఎనభై మీటర్లు కదా, ఏడాదికి ఒకటైనా దాని మీద పడుతుంది. సోమవారంది కలిపి నా దగ్గర అయిదున్నాయి."

"మీరు తెర మీద గీత చూపిస్తే సరిపోతుందా మేడమ్? గీతలు నేనూ గీయగలను."

ఆవిడకి కోపం రాలేదు. అదే మరీ అనుమానంగా తోచింది ఆయనకి. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పిడుగు పడ్డప్పుడు పుట్టే విద్యుదయస్కాంత తరంగం యాంటెన్నాకి అందుతుంది. అందులో నెమ్మది ఊపులూ ఉంటాయి, మహా వేగమైన వణుకులూ ఉంటాయి, అన్నీ కలగాపులగంగా.

"మొత్తం ఒకేసారి లెక్కకడితే ఏ వేగంవి ఎంతెంత ఉన్నాయో తెలుస్తుంది. ఎప్పుడొచ్చాయో తెలియదు."

"ఏడాది ఆఖర్న మొత్తం అమ్మకం చెప్పినట్టు. ఏ రోజు ఏం పోయిందో తేలదు."

"సరిగ్గా అంతే. అందుకని నేను వేవ్‌లెట్ వాడతాను. అంటే ఒక చిట్టి అల. పుడుతుంది, నాలుగు ఊపులు ఊగుతుంది, పోతుంది. దాన్ని సిగ్నల్ పొడుగునా జరుపుకుంటూ వెళ్తాను. ఒకసారి సాగదీసి, ఒకసారి కుదించి. ఎక్కడ సరిగ్గా అతికితే అక్కడ తెర మీద వెలుగొస్తుంది."

కడ్డీలాయన ఒక్క క్షణం ఆలోచించాడు. "స్పానర్ల సెట్టు పట్టుకుని ప్రతి నట్టుకీ ప్రతి సైజూ పెట్టి చూసినట్టు. ఏ సైజు పట్టిందో తెలుస్తుంది, ఎన్నో నట్టుకి పట్టిందో కూడా తెలుస్తుంది."

"అబ్బ! మా క్లాసులో ఎవరూ ఇంత బాగా చెప్పలేదండి."

పొగిడినవాడు తరవాత ఏదో అంటగడతాడని ఆయన అనుభవం. అంతా అలాగే జరిగింది. ఆవిడ తెర మీద అయిదు బొమ్మలు ఒకదాని కింద ఒకటి పేర్చింది. అయిదు పిడుగులు. అన్నిటికన్నా చిన్న సైజు అలతో వెతికిన వరస చూపించింది. పిడుగు దెబ్బ చిమ్నీ కొనకి తగలగానే రాగి పట్టీ వెంట కిందికి దిగుతుంది. నేలని తాకినచోట కొంత వెనక్కి తిరిగి పైకి వస్తుంది. పోయి రావడానికి పట్టే కాలం, సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్కలో సుమారు సగం. అంత చిన్న ప్రతిధ్వని మామూలు గీతలో కంటికి కనబడదు. చిట్టి అలకి దొరుకుతుంది.

"మొదటి మూడు చూడండి. వెళ్లినది, తిరిగొచ్చినది రెండూ పైకే లేచాయి. అంటే అడుగున భూమి హాయిగా లాక్కుంటోంది. మీ ఎర్తింగ్ బాగుంది."

"మరి మేం పెట్టిందాయె," అన్నాడాయన ఛాతీ కాస్త ముందుకొచ్చి.

"ఇప్పుడు నాలుగూ అయిదూ చూడండి."

చూశాడు. మొదటిది పైకి లేచింది. తిరిగొచ్చినది కిందికి దిగింది. గోతిలో పడ్డట్టు.

"తిరగబడింది. అంటే పట్టీ చివర దానికి దారి దొరకలేదు. మూడోది పోయిన ఏడాది మే ఇరవైన పడింది. నాలుగోది సెప్టెంబరు తొమ్మిదిన. ఆ మధ్యలో చిమ్నీ అడుగున ఏదో మారింది. ఏం మారిందో నేను చెప్పలేను. మారిందని మాత్రం రాసిస్తాను."

"ఎవరికి రాసిస్తారు?"

"మిల్లు వాళ్లు కూడా నిన్ననే అడిగారండి. శుక్రవారానికి పంపుతానని చెప్పాను."

కడ్డీలాయన బయటికొచ్చి స్కూటరు పక్కన చాలాసేపు నిలబడ్డాడు. చిమ్నీ అడుగున నడుమెత్తులో ఒక ఇనప పెట్టె ఉంటుంది. పైనుంచి దిగిన పట్టీ, నేలలో రాగి పాతిన ఎర్తింగ్ గొయ్యినుంచి వచ్చిన పట్టీ, రెండూ అందులో కలుస్తాయి. పెట్టెకి తాళం. ఆ తాళం పెట్టించింది తనే, మిల్లు మనుషులని నమ్మక. తాళంచెవులు రెండు. ఒకటి తన జేబులో. రెండోది బావమరిది జేబులో. ప్రతి ఏడాదీ జూన్‌లో గొయ్యి పరీక్ష చేసేది బావమరిదే. మేకీ సెప్టెంబరుకీ మధ్య జూన్ ఉంది.

గొయ్యిలో రాగి కట్టలు కట్టలుగా ఉంటుంది. తవ్వి తీసుకుపోయి పైన మట్టి కప్పితే ఎవడు చూడొచ్చాడు? ఆయన మనసులో లెక్క దానంతట అదే పడింది. పోయిన ఆగస్టులో బావమరిది కొత్త మోటారు సైకిలు కొన్నాడు. "ఎక్కడిదిరా?" అంటే నవ్వేశాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది. పదేళ్ల కిందట కొట్లో ఒక డ్రిల్లింగ్ మిషన్ కనబడకుండా పోవడం కూడా గుర్తొచ్చింది. అది తరవాత బీరువా వెనక దొరికిన సంగతి మాత్రం గుర్తుకు రాలేదు.

ఇంట్లో భోజనం దగ్గర మాట పైకి వచ్చేసింది. ఆయన భార్య వడ్డన ఆపింది.

"మా తమ్ముడి సంచిలో నీ రాగి దొరికితే తెచ్చి నా ముందు పడెయ్. నేనే గుమ్మం దాటిస్తాను. దొరక్కపోతే మాత్రం నీ అనుమానం నువ్వే వండుకుని నువ్వే తిను. నాకు పెట్టకు."

గురువారం కొట్లో బావమరిది నిచ్చెన మీద కూర్చుని పట్టీలు బిగించే క్లాంపులు సైజులవారీగా డబ్బాల్లో వేస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు, పని చేస్తున్నప్పుడు ఏదో ఒకటి కూనిరాగం తీస్తాడు. కడ్డీలాయన చుట్టూ తిప్పకుండా అడిగేశాడు.

"కాగితం మిల్లు గొయ్యిలో రాగి ఏదిరా?"

"గొయ్యిలో ఉంది."

"లేదు. కాలేజీలో మిషన్ చెప్పింది. పోయిన ఏడాది మే తరవాత తీసేశారు. తాళంచెవి మనిద్దరి దగ్గరే ఉంది. నేనైతే తియ్యలేదు."

కూనిరాగం ఆగింది. చేతిలోని క్లాంపుని బావమరిది సరైన డబ్బాలోనే వేసి, నిచ్చెన దిగి వచ్చాడు.

"అంటే నేను తీశానని. అదేగా నీ మాట?"

"నీ మోటారు సైకిలు ఆగస్టులో వచ్చింది."

"మా ఆవిడ ఆపరేషన్‌కి కూడబెట్టినదాంట్లో మిగిలితే కొన్నాను బావా. ఆపరేషన్ ఎప్పుడైందో గుర్తుందా? జూన్. పన్నెండు రోజులు ఆస్పత్రి మెట్ల మీదే పడుకున్నాను. అక్క రోజూ క్యారేజీ తెచ్చేది. నేను మిల్లుకెప్పుడు వెళ్లాను? రిజిస్టరు చూసుకో. చూసుకుని తరవాత తిట్టు."

రిజిస్టరు బల్ల సొరుగులోనే ఉంది. కడ్డీలాయన అద్దాలు పెట్టుకుని పేజీ తిప్పాడు. పోయిన ఏడాది జూన్ పద్నాలుగు. కాగితం మిల్లు. గొయ్యి రీడింగు ఒక ఓము కన్నా తక్కువ. పక్కన "అద్భుతం" అని ఒక మాట. కింద సంతకం. పొడుగ్గా, చివర కొక్కెంతో. తన సంతకం.

తనే వెళ్లాడు. ఇప్పుడన్నీ గుర్తొస్తున్నాయి. ముప్పై ఏళ్ల కిందట తనూ ఫిట్టరేగా, ఈపాటి పని మరిచిపోతానా అని మీటరు సంచి భుజాన వేసుకుని వెళ్లాడు. రీడింగు అంత బాగా వచ్చేసరికి పిల్లాడికి మార్కులొచ్చినంత సంబరపడ్డాడు. చినుకులు మొదలయ్యాయి. మిల్లాయన వరండాలోంచి టీకి కేక వేశాడు. పెట్టె తాళం వేశాడు. టీ తాగాడు. రెండో కప్పు కూడా తాగాడు.

"బావా," అన్నాడు బావమరిది. ఆ గొంతులో కోపం లేదు, వేరే ఏదో ఉంది. "పరీక్షకి ముందు లింకు విప్పావా?"

"విప్పకుండా గొయ్యి రీడింగెలా వస్తుందిరా?"

పెట్టెలో రెండు పట్టీలనీ కలిపే జానెడు రాగి ముక్కే లింకు. రెండు బోల్టులు. పరీక్ష చేయాలంటే దాన్ని విప్పి గొయ్యిని విడదీయాలి. చేశాక మళ్లీ బిగించాలి.

"బిగించావా?"

కడ్డీలాయన ఆ రోజుని మనసులో వెనక్కి తిప్పాడు. మీటరు ముల్లు ఎక్కడ ఆగిందో గుర్తుంది. టీలో చక్కెర ఎక్కువైందని గుర్తుంది. మిల్లాయన చెప్పిన జోకు కూడా గుర్తుంది. చేతిలో స్పానరు ఉన్నట్టు మాత్రం ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. రిజిస్టరులో తేదీకి గడి ఉంది, రీడింగుకి ఉంది, సంతకానికి ఉంది. లింకు బిగించామా అన్నదానికి గడి లేదు. ఇన్నేళ్లుగా బావమరిది చేతికి ఆ గడి అవసరం పడలేదు.

గొయ్యి అద్భుతంగానే ఉండి ఉంటుంది. గొయ్యికీ కడ్డీకీ సంబంధమే తెగిపోయి ఉంటుంది. పిడుగు దిగి, దారి లేక, పక్కనే గోడ వెంట పోతున్న మిల్లు కేబులు మీదికి దూకి ఉంటుంది. సెప్టెంబరు దెబ్బకి బోర్డు ఎలాగో తట్టుకుని ఉంటుంది, సోమవారం దెబ్బకి తట్టుకోలేదు.

శుక్రవారం పదింటికే ఇద్దరూ చిమ్నీ దగ్గరికి చేరారు. గంట ముందు రావాలన్నది కడ్డీలాయన ఆలోచనే. ఎందుకో బావమరిది అడగలేదు. గేటు కాపలాదారు తెలిసినవాడే, తల ఊపి వదిలేశాడు.

తాళం తీశాడు. లింకు కింది బోల్టుకి వేలాడుతోంది. పై బోల్టు రంధ్రం ఖాళీ. పట్టీ కొన నల్లగా మాడి, అంచు పూసలాగా కరిగి ఉంది. ఎదుట గోడ మీద కేబులు గొట్టానికి అరచేతంత మసి మచ్చ. విప్పిన బోల్టు పెట్టె అడుగున, పెట్టినచోటే ఉంది.

కడ్డీలాయన జేబులో స్పానరు ఉంది. బోల్టు తోసి నాలుగు తిప్పులు తిప్పితే చాలు. మసి తుడవడానికి గుడ్డ కూడా తెచ్చుకున్నాడు. ఒక నిమిషం పని. పదకొండింటికి మిల్లాయన వచ్చేసరికి లింకు బిగువుగా ఉంటుంది, గొయ్యి రీడింగు అద్భుతంగా వస్తుంది. "చూశారా, మా తప్పేం లేదు, మీ బోర్డే పాతది" అనొచ్చు. పద్దెనిమిది ఫ్యాక్టరీలూ చెక్కుచెదరవు.

బావమరిది నాలుగడుగులు వెనక్కి వెళ్లి, చిమ్నీ నీడలో ఇటుకల మీద అటు తిరిగి కూర్చున్నాడు.

"బిగించెయ్ బావా. నేనేం చూడలేదు."

ఆయన స్పానరు బయటికి తీశాడు. అప్పుడు లెక్క రెండోవైపు నుంచి పడింది. ఈ లింకు బిగిస్తే ఇక్కడంతా బాగున్నట్టే. కానీ పిడుగుల మేడమ్ కాగితం ఈపాటికి మిల్లాయన చేతికి వచ్చేసి ఉంటుంది. మేకీ సెప్టెంబరుకీ మధ్య అడుగున ఏదో మారిందని అందులో ఉంటుంది. ఏం మారిందని మిల్లాయన అడుగుతాడు. లింకు బాగుంటే, గొయ్యి బాగుంటే, మరి ఏం మారింది? ఎవరో రాగి తీసి, దొరికిపోతామని తెలిసి మళ్లీ పెట్టారు. తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఏటా ఇక్కడికొచ్చేది ఎవరు? మిల్లాయన ఆ లెక్క కట్టడానికి అరనిమిషం పట్టదు. తనకే పట్టలేదు, సొంత బావమరిది అయి ఉండి కూడా.

నిన్న ఈ మనిషిని దొంగ అన్నది తన కొట్లో, నాలుగు గోడల మధ్య. ఇవాళ స్పానరు తిప్పితే ఊరంతా అంటుంది.

ఆయన స్పానరుని పెట్టె మూత మీద పెట్టి, గుడ్డని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇటు తిరగరా. చూడలేదని అనకు. బాగా చూడు. వాళ్లడిగితే చెప్పాలి."

పదకొండుకి మిల్లాయన, ఆయన ఎలక్ట్రీషియన్ వచ్చారు. మిల్లాయన చేతిలో కాలేజీ కాగితం.

"ఏదో మారిందట," అన్నాడు మిల్లాయన, రాగానే.

"ఇదీ మారింది," అని కడ్డీలాయన పక్కకి తప్పుకున్నాడు. "పోయిన జూన్‌లో లింకు విప్పి, బిగించకుండా తాళం వేసుకెళ్లాను. నేనే. మీరు టీకి పిలిచారు."

మిల్లాయన పెట్టెలోకి వంగి చూశాడు. తరవాత తలెత్తి కడ్డీలాయన మొహంలోకి చూశాడు. వ్యాపారి వ్యాపారిని చూసే చూపు అది.

"ఎవరినయ్యా కాస్తున్నావు?"

"ఎవరినీ కాదు."

"ఇరవై ఏళ్లుగా నిన్నెరుగుదును. మేకు వంకరపోతే సుత్తి అమ్మినవాడిది తప్పంటావు నువ్వు. అలాంటివాడివి అడక్కుండానే ఒప్పుకుంటున్నావంటే దీని వెనక ఇంకా పెద్దదేదో ఉంది." ఆయన చూపు మెల్లగా బావమరిది వైపు తిరిగింది. "ఏటా వచ్చేది ఇతనే కదా?"

నిజం చెప్పినా అమ్ముడుపోని రోజు ఒకటొస్తుందని కడ్డీలాయన ఎన్నడూ లెక్కలో వేసుకోలేదు. రిజిస్టరు తెరిచి చూపించాడు. మిల్లాయన జేబులోంచి పెన్ను తీసి, కాలేజీ కాగితం వెనక్కి తిప్పి ఇచ్చాడు.

"ఇక్కడ ఒక సంతకం పెట్టు."

పెట్టాడు. మిల్లాయన రెండు సంతకాలనీ పక్కపక్కన పట్టుకుని చూశాడు. "ఇంకోటి. తొందరగా." అదీ పెట్టాడు, కొక్కెంతో సహా. అప్పటికి మిల్లాయన భుజాలు కాస్త దిగాయి. ఎలక్ట్రీషియన్ మాడిన కొననీ, మసి మచ్చనీ, వేలాడే లింకునీ ఫోన్‌లో ఫొటోలు తీశాడు.

"బోర్డు సంగతి మనం కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు మిల్లాయన. "మిగతావాళ్లు అడిగితే ఉన్నది ఉన్నట్టే చెబుతాను. దాచను."

"దాచమనడం లేదు."

"ఇకనుంచి నా చిమ్నీ పరీక్షకి ఇతనే రావాలి. నువ్వు రాకూడదు. టీకి కావాలంటే రా."

బావమరిది ఆ మాటకి నవ్వలేదు. పెట్టె దగ్గరికి వచ్చి స్పానరు అందుకున్నాడు. మాడిన కొనని ఆకురాయితో రుద్ది మెరిపించాడు, లింకు ఎత్తి పెట్టాడు, రెండు బోల్టులూ బిగించాడు. చేత్తో గట్టిగా లాగి చూశాడు. కదల్లేదు.

"నువ్వూ లాగి చూడు బావా."

కడ్డీలాయన లాగి చూశాడు.

"రేపు మిగతా పద్దెనిమిది పెట్టెలూ తెరవాలి," అన్నాడు బావమరిది స్పానరు సంచిలో వేసుకుంటూ. "నేను ఆస్పత్రిలో ఉన్న ఆ పన్నెండు రోజుల్లో నువ్వు ఇంకెక్కడెక్కడికి వెళ్లావో రాత్రికి కాగితం మీద రాసిపెట్టు. అక్క ముందు కూర్చుని రాయి. లేకపోతే నేను నమ్మను."